నల్లగొండ, పాలమూరు నుంచి సముద్రానికి: ముందు నెల, తర్వాతే తీరం

సముద్రానికి పోదామనుకోగానే ఇంట్లో మొదలయ్యే వాదన "వైజాగా, గోవానా" అని. ముందు తేల్చుకోవాల్సింది మాత్రం ఏ నెలలో పోతున్నామన్నది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాల దెబ్బంతా పడమటి తీరానిదే. గోవా, గోకర్ణలో అలలు ఎత్తుగా లేస్తాయి, నీళ్లలోకి దిగనివ్వరు, ఇసుక మీది గుడిసె హోటళ్లు చాలావరకు విప్పేసి ఉంటాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం తూర్పు తీరానిది. దసరా సెలవుల్లో బాపట్లకో వైజాగ్‌కో పోయేవాళ్లు, రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదినే తీసుకోవాలి. యాసంగి నాట్లు పడిపోయాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా రెండు తీరాలూ బాగుంటాయి. ఎండాకాలం సెలవులైతే పొద్దున, సాయంత్రమే ఇసుక మీద నిలబడగలరు.

నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లకు దగ్గరి సముద్రం బాపట్ల, చీరాల వైపుది. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, తెనాలి మీదుగా అటే పోతుంది. కాకపోతే రాత్రి పొద్దుపోయాక దింపుతుంది కాబట్టి గది ముందే చెప్పి పెట్టుకోవాలి. కారైతే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకుని పిడుగురాళ్ల దాటాక, బాపట్లకు గుంటూరు వైపు తిరగాలి. చీరాలకైతే అద్దంకి దాకా పోయి తిరగాలి. సూర్యాపేట, కోదాడ వాళ్లకు ఇంకా సులువు. ఇంటి ముందు పోయే 65వ నంబర్ జాతీయ రహదారే మచిలీపట్నంలో ముగుస్తుంది. అక్కడి మంగినపూడి బీచ్‌లో తెల్లటి ఇసుక కోసం వెతకొద్దు, అది నల్లమట్టి తీరం. పిల్లలకు నడుములోతు దాకా నీళ్లు చాలనుకునే కుటుంబాలకు పనికొస్తుంది. వచ్చేటప్పుడు బందరు లడ్డు ఎలాగూ తెచ్చుకుంటారు.

బాపట్ల నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. పొద్దున 6 గంటలకల్లా ఒడ్డున ఉండి, 9:30కు నీళ్లలోంచి బయటికి రావాలి. మళ్లీ సాయంత్రం 4:30 తర్వాతే. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్రస్నానాల జనం విరగబడతారు. స్నానం కోసమే పోయేవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ రెండు రోజులూ తప్పించుకోవడం మంచిది. ఇంకో కారణమూ ఉంది. పౌర్ణమికి, అమావాస్యకు పోటు (సముద్రం పొంగి ఒడ్డు మీదికి రావడం) ఎక్కువ ఎత్తుకు వస్తుంది, పాటు (నీళ్లు వెనక్కి తగ్గడం) అంతే దూరం లాగుతుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. నిన్న 7 గంటలకు మోకాళ్లలోతు ఉన్న చోటే ఇవాళ అదే వేళకు అలా ఉంటుందని నమ్మకూడదు.

బావుల్లో, సాగర్ ఎడమ కాల్వలో ఈత నేర్చినవాళ్లు పొరబడేది ఇక్కడే. కాల్వలో నీళ్లు ఒకే దిక్కుకు పోతాయి, ఏటవాలుగా ఈదితే గట్టు దొరుకుతుంది. సముద్రంలో ఒడ్డుకు చేరిన నీళ్లు తిరిగి లోపలికి పోవడానికి ఒక పాయ చేసుకుంటాయి. దిగే ముందు ఐదు నిమిషాలు నిలబడి చూడండి. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక చోట మాత్రం నీళ్లు విరగకుండా, ముదురు రంగులో, నురుగుతో లోపలికి జారుతుంటే అదే ఆ పాయ. చూడ్డానికి ప్రశాంతంగా ఉందని జనం సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఎదురీదొద్దు, అలసట వల్లే మునిగిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటాక, అలలతో పాటు ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. చీరతో, జీన్స్‌తో లోతుకు పోవద్దు. తడిస్తే అవి కాళ్లకు చుట్టుకుంటాయి. మందు తాగినవాళ్లను మాత్రం ఎంత బతిమిలాడినా దిగనివ్వొద్దు.

విశాఖకు నల్లగొండ నుంచి సాయంత్రం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి దిగొచ్చు. ఆర్కే బీచ్ చూడ్డానికే, స్నానానికి కాదు. స్నానానికి రుషికొండ నయం. కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం సెలవు. భీమిలి రోడ్డు మీద పాత బౌద్ధారామం ఉన్న తొట్లకొండ, రుషికొండ, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ ఒక రోజులో అయిపోతాయి. అరకు 115 కిలోమీటర్ల దూరం, ఘాట్ రోడ్డు. దాన్ని అదే రోజులో ఇరికిస్తే వాంతులు తప్ప మరేమీ గుర్తుండదు, ఇంకో రోజు పెట్టుకోండి.

జనం వద్దనుకుంటే కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు. అదే విశాఖ ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటాక సామర్లకోటలో దింపుతుంది. చెట్ల మధ్య చెక్కబాట మీద నడవొచ్చు. మట్టిలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు పాటు వేళ బాగా కనిపిస్తాయి, పడవకేమో పోటు కావాలి. అందుకే వెళ్లే ముందు రోజే పడవ సమయం కనుక్కోవాలి. నిండు చేతుల చొక్కా వేసుకోండి, దోమలున్నాయి.

పాలమూరు, గద్వాల వాళ్లకు పడమటి తీరమే తోవ. సికింద్రాబాద్–వాస్కో రైలు మహబూబ్‌నగర్, కర్నూలు, హుబ్లీ మీదుగా గోవాలోని మడ్‌గావ్ పోతుంది, కాకపోతే వారానికి రెండు రోజులే. కారైతే రాయచూరు, హుబ్లీ, అంకోలా మీదుగా గోకర్ణ. సముద్రంలో పొద్దు గుంకడం చూడాలంటే ఇటే రావాలి. బాపట్లలో, వైజాగ్‌లో పొద్దు పొడిచేదే సముద్రంలోంచి.

తిండి విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఎండాకాలంలో "తాజా సముద్రపు చేప" అంటే మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉంటేనే తీసుకోండి. వండించుకునే చోట కిలో ధర, వండే కూలి విడివిడిగా ముందే మాట్లాడుకోవాలి. పీతలు, రొయ్యలు ఎప్పుడూ తినని పిల్లలకు మొదటి పూట ఒకటి రెండే పెట్టి చూడాలి.

కారును ఇసుక మీదికి దింపొద్దు. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోతుకు పోతుంది. టైర్లలో కొంచెం గాలి తీసి, ముందు ఇసుక తోడి, పట్టాలో చెక్కలో వేసి మెల్లగా లాగాలి. ఇంటికి రాగానే, పైన ఎంత శుభ్రంగా కనిపించినా, అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. ఉప్పు తుప్పు పట్టించేది అక్కడే.