చిగుళ్ల జబ్బుతో కరిగిన ఎముకకు గ్రాఫ్ట్: కేసు ఎంపిక నుంచి కుట్ల దాకా

గ్రాఫ్ట్ (గుంతను నింపే ఎముక పొడి లాంటి పదార్థం) సీసా మూత తీసేముందు ఎముక ఏ ఆకారంలో కరిగిందో తేల్చుకోవాలి. ఐఓపీఏ (పంటి వేరు కొస దాకా కనిపించే చిన్న) ఎక్స్‌రేలో ఎముక అడ్డంగా, సమంగా తరిగిపోయి కనిపిస్తే ఎంత ఖరీదైన పదార్థం పెట్టినా నిలవదు. పంటి వేరును ఆనుకుని నిలువుగా 3 మి.మీ. లేదా అంతకంటే లోతుగా దిగిన గుంతే దీనికి తగిన కేసు. గుంతకు మూడు వైపులా ఎముక గోడ ఉంటే మంచి ఫలితం ఆశించవచ్చు. ఒక్క గోడే మిగిలితే ఆశ తక్కువని పేషెంటుకు ముందే చెప్పండి. ఎక్స్‌రేలో గుంత కోణం 25 డిగ్రీల లోపుంటే అనుకూలం, 37 దాటితే ఫలితం తగ్గుతుంది. కింది దవడ మోలార్లలో క్లాస్ 2 ఫర్కేషన్‌కూ (వేర్లు విడిపోయే చోట ఎముక కొంతవరకు కరిగినప్పుడు) ఈ చికిత్స పనికొస్తుంది. క్లాస్ 3, అంటే అక్కడ ఈవలి నుంచి ఆవలికి పూర్తిగా కరిగినవాటి జోలికి వెళ్లొద్దు.

స్కేలింగ్, రూట్ ప్లానింగ్ (పళ్లనూ వేర్లనూ గీకి శుభ్రం చేయడం) అయ్యాక సుమారు మూడు నెలలకు మళ్లీ ప్రోబ్‌తో (కొలత గీతలున్న సన్నని పరికరంతో) కొలవండి. అప్పటికీ 6 మి.మీ. లేదా అంతకంటే లోతైన పాకెట్ (చిగురుకూ పంటికీ మధ్య సందు) మిగిలితేనే సర్జరీ. నోట్లో ప్లేక్ (పాచి) స్కోరు, రక్తస్రావం స్కోరు రెండూ 20 శాతం లోపుండాలి. సిగరెట్ మానాలి, షుగర్ అదుపులోకి రావాలి. పంటి నరం చచ్చి ఉంటే ముందు రూట్ కెనాల్ పూర్తిచేయండి. పన్ను కదులుతుంటే సర్జరీకి ముందే స్ప్లింట్ (పక్క పళ్లతో కలిపి కట్టే ఆధారం) వేయాలి, ఎందుకంటే కదిలే పంటి పక్కన రక్తపు గడ్డ కుదురుకోదు.

పదార్థం విషయానికొస్తే, మానవ ఎముక నుంచి తీసిన డీఎఫ్‌డీబీఏ (ఖనిజాలు తీసేసి, గడ్డకట్టించి ఆరబెట్టిన ఎముక పొడి) మన దేశంలో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు తయారుచేస్తుంది. జీనోగ్రాఫ్ట్‌లు (జంతువుల నుంచి తీసిన గ్రాఫ్ట్‌లు) ఎక్కువగా ఆవు ఎముకవి. కొలాజెన్ మెంబ్రేన్లు (గ్రాఫ్ట్ మీద కప్పే పలుచని పొరలు) ఆవు నుంచో పంది నుంచో వస్తాయి, ఎనామెల్ మ్యాట్రిక్స్ జెల్ (వేరుకు పూసే ప్రొటీన్ జెల్) పందిదే. ఇది తెలుగులో నోటితో విడమరిచి చెప్పాలి. ఫారంలో ‘బోవైన్’ (ఆవుది) అని రాసి సంతకం తీసుకుంటే అది సమ్మతి కాదు. వద్దన్నవాళ్లకు మానవ ఎముకో, సింథటిక్ గ్రాఫ్టో, వాళ్ల రక్తంతోనే చేసే పీఆర్ఎఫ్ (ఫైబ్రిన్ పొర) అయినా ఉంది. పీఆర్ఎఫ్‌కి 10 మి.లీ. రక్తం తీసి, గడ్డకట్టకుండా చేసే మందేదీ కలపకుండా వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాలి. 2,700 ఆర్‌పీఎం, 12 నిమిషాలు. ఆలస్యమైతే రక్తం ట్యూబులోనే గడ్డకట్టి, వాడుకోదగ్గ పొర రాదు.

పళ్ల మధ్య సందు 2 మి.మీ. పైనుంటే మాడిఫైడ్, అంతకు తక్కువైతే సింప్లిఫైడ్ పాపిల్లా ప్రిజర్వేషన్ కోత పెట్టండి; రెండూ పాపిల్లాను, అంటే పళ్ల మధ్యనున్న చిగురు మొనను కాపాడే కోతలే. చిగురు మొన చిరిగితే ఆ తర్వాత మీరెంత బాగా చేసినా గుంత మూతపడదు. ఇక అసలు పని శుభ్రం చేయడం. గ్రాన్యులేషన్ టిష్యూ (గుంతలో పెరిగిన మెత్తటి వాపు కణజాలం) మొత్తం గీకేయండి. అది పోయేకొద్దీ రక్తస్రావం దానంతటదే తగ్గుతుంది. ఇంకా రక్తం ఊరుతూనే ఉంటే అడుగున ఎక్కడో ముక్క మిగిలిందని అనుమానించండి. వేరు గాజులా నున్నగా తగలాలి. ఎనామెల్ మ్యాట్రిక్స్ జెల్ వాడేటట్లయితే వేరు మీద 24 శాతం ఈడీటీఏ (వేరు పైపొరను శుభ్రం చేసే రసాయనం) 2 నిమిషాలు ఉంచి, సెలైన్‌తో కడిగి, వేరు మీద రక్తం లేనప్పుడే ఎనామెల్ జెల్‌ను అడుగు నుంచి పైకి పూయాలి.

గ్రాఫ్ట్‌ను సెలైన్‌తోనో పేషెంటు రక్తంతోనో తడిపి, కొంచెం కొంచెంగా పెట్టి తేలిగ్గా అదమండి. కుక్కితే రేణువుల మధ్య రక్తనాళాలు పెరిగే చోటుండదు. చుట్టూ ఉన్న ఎముక అంచు దాటి పోయొద్దు, పైనున్నది చిగురును ఎత్తి కుట్టు విప్పేస్తుంది. మెంబ్రేన్ వేస్తే గుంత అంచు దాటి 2-3 మి.మీ. ఎముక మీద కూర్చోవాలి. 5-0 లేదా 6-0 మోనోఫిలమెంట్‌తో (ఒంటిపోగు దారంతో) కుట్టాక పెదవినీ బుగ్గనూ లాగి చూడండి. పాపిల్లా కదిలితే ఫ్లాప్ (కోసి ఎత్తిన చిగురు) బిగువుగా ఉన్నట్టే. కుట్లు విప్పి, పెరియాస్టియం (ఎముకను అంటిపెట్టుకున్న పొర) వదులుచేసి మళ్లీ కుట్టండి.

కుట్లు తీసేది ఒకటి రెండు వారాలకు. అక్కడ బ్రష్ సుమారు నెలపాటు వద్దు, క్లోర్‌హెక్సిడిన్‌తో (క్రిములను చంపే మౌత్‌వాష్‌తో) రోజుకు రెండుసార్లు పుక్కిలించాలి. మెంబ్రేన్ బయటపడితే లాగొద్దు. క్లోర్‌హెక్సిడిన్ జెల్ రాస్తూ వారం వారం పిలిచి చూడండి. చీము కనిపిస్తేనే తీసేయాలి.

ఆరు నెలల దాకా ప్రోబ్ పెట్టకూడదు. ఆవు ఎముక రేణువులు ఎక్స్‌రేలో తెల్లగా పడతాయి, ఏళ్లతరబడి కరగవు కూడా; అందుకే మర్నాటి ఎక్స్‌రేలోనే గుంత నిండినట్టు కనిపిస్తుంది. దాన్ని కొత్త ఎముకగా పేషెంటుకు చూపించకండి. ఏడాదికి అదే చోట, అదే ప్రోబ్‌తో అటాచ్‌మెంట్ (చిగురు పంటికి అతుక్కున్న మట్టం) కొలిచి, సర్జరీకి ముందు రాసుకున్న అంకె పక్కన రాయండి.