బిల్లు కట్టినా గేటు మోగుతోందా? స్కానర్, సెక్యూరిటీ లేబుల్ సమస్యలు - పరిష్కారాలు

సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో ప్రతి వస్తువుకీ రెండు పనులు జరగాలి. స్కానర్ బార్‌కోడ్ చదవాలి, డీయాక్టివేటర్ ప్యాడ్ సెక్యూరిటీ లేబుల్‌ని పనిచేయకుండా చేయాలి. లేకపోతే బయటికి వెళ్లే దారిలో ఉన్న సెక్యూరిటీ గేటు ఆ లేబుల్‌ని గుర్తించి మోగుతుంది. ఏ ఒక్కటి తప్పినా ఇబ్బంది పడేది క్యాషియర్, కస్టమర్. "స్కానర్ పోయింది", "గేటు పోయింది" అని సర్వీస్ వాళ్లకి ఫోన్ చేసే ముందు లేబుల్ ఎక్కడ అతికించారో, వస్తువు ప్యాడ్ మీదుగా ఎలా వెళ్తోందో చూడండి. చాలా ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి.

ముందుగా మీ దగ్గర ఏ రకం లేబుల్ ఉందో తెలుసుకోండి. పల్చటి కాగితం స్టిక్కర్‌లా ఉండి, వెలుతురుకి పట్టి చూస్తే లోపల చుట్టలు తిరిగిన అల్యూమినియం రేకు కనిపిస్తే అది ఆర్‌ఎఫ్ లేబుల్. ఇది సాధారణంగా 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. సన్నగా, పొడుగ్గా, కాస్త ఉబ్బుగా ఉన్న ప్లాస్టిక్ ముక్క అయితే అది ఏఎం లేబుల్. దానిది 58 కిలోహెర్ట్జ్. ఒక రకం లేబుల్‌ని రెండో రకం గేటు గుర్తించదు. తక్కువ ధరకి వచ్చాయని కొత్త రోల్స్ కొని, గేటు మోగడం లేదని కంగారు పడే షాపులు ఉన్నాయి. ఆర్డర్ పెట్టేముందు ఈ ఒక్క సంగతి చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

సమస్య: స్కానర్ బీప్ కొట్టడం లేదు, లేదా నాలుగైదు సార్లు తిప్పితే గానీ చదవడం లేదు

అదే వస్తువు లేబుల్ లేనిది ఒకటి తెచ్చి స్కాన్ చేయండి. అది వెంటనే చదివితే స్కానర్ తప్పు లేదు.

లేబుల్ గీతల మీదికి రాలేదు కదా అనుకుంటారు. గీతలకి అటూ ఇటూ ఉన్న ఖాళీ జాగా కూడా బార్‌కోడ్‌లో భాగమే. ప్యాకెట్ల మీద సాధారణంగా కనిపించే 13 అంకెల బార్‌కోడ్ (ఈఏఎన్-13) మామూలు సైజులో ఉంటే దానికి ఎడమవైపు సుమారు 3.6 మిల్లీమీటర్లు, కుడివైపు 2.3 మిల్లీమీటర్లు ఖాళీగా ఉండాలి. బార్‌కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్కానర్‌కి తెలిసేది ఆ జాగా వల్లనే. లేబుల్ అంచు అందులోకి వస్తే గీతలన్నీ కనిపిస్తున్నా చదవకపోవచ్చు. పైనుంచో కిందనుంచో గీతల ఎత్తు కొంచెం మూసుకుపోతే మాత్రం అంత నష్టం లేదు. ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క అడ్డగీతంత మేర శుభ్రంగా దొరికితే గన్ స్కానర్‌కి చాలు. కౌంటర్‌లో బిగించిన స్కానర్‌తో అయితే ఎత్తు తగ్గేకొద్దీ వస్తువుని సరైన కోణంలో తిప్పి పట్టుకోవాల్సి వస్తుంది, లైను పెరుగుతుంది.

రెండో కారణం ఉబ్బు. ఏఎం లేబుల్ మందంగా ఉంటుంది. మెత్తటి ప్యాకెట్‌లో బార్‌కోడ్ వెనకాల దాన్ని పెడితే పైనున్న గీతలు వంకర పోతాయి. పల్చటి ఆర్‌ఎఫ్ లేబుల్‌కి ఈ బాధ తక్కువ. షాపు సొంత బార్‌కోడ్ స్టిక్కర్‌ని దాని మీదే సాఫీగా అతికించవచ్చు కూడా.

పరిష్కారం ఏమిటంటే, లేబుల్‌ని బార్‌కోడ్ ఉన్న వైపే, దానికి కనీసం ఒక వేలు వెడల్పు దూరంలో అతికించండి. మరీ దూరం వద్దు, ఎందుకో మూడో సమస్యలో చెబుతాను. ఎంఆర్‌పీ, తయారీ తేదీ, గడువు తేదీ, అలర్జీ వివరాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకండి. ప్యాకెట్ మీద అవి కనపడాలన్నది చట్టం. అంతకంటే ముందు, పిల్లలకి ఆహారం కొనే తల్లి ఆ తేదీ కోసమే వెతుకుతుంది.

సమస్య: బీప్ వచ్చింది, కానీ స్క్రీన్ మీద "ఐటమ్ లేదు" అని వస్తోంది

కొన్ని ఆర్‌ఎఫ్ లేబుళ్ల మీద ఉత్తుత్తి బార్‌కోడ్ ముద్రించి ఉంటుంది. చూసేవాళ్లు ధర స్టిక్కర్ అనుకోవాలని అలా చేస్తారు. క్యాషియర్ కూడా అలాగే అనుకుని దానికే గన్ పెడతారు. కొన్నిసార్లు స్కానర్ తనంతట తానే దాన్ని పట్టుకుంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ నంబర్ ఉండదు కాబట్టి తిప్పికొడుతుంది.

ఈసారి రోల్స్ కొనేటప్పుడు తెల్లవి అడగండి. ఉన్నవి అయిపోయేదాకా స్కానర్ సెట్టింగ్ మార్చుకోవచ్చు. మాన్యువల్‌లో ఇచ్చిన సెట్టింగ్ బార్‌కోడ్‌లతో మీకు అవసరమైన రకాలు మాత్రమే ఆన్‌లో ఉంచి మిగతావి ఆపేయండి. కిరాణా షాపుకి ఈఏఎన్-13, ఈఏఎన్-8, యూపీసీ-ఏ, మీ సొంత స్టిక్కర్లు ఏ రకంలో ప్రింట్ అవుతాయో అది ఉంటే సరిపోతుంది.

సమస్య: బిల్లు కట్టి వెళ్తున్నా గేటు మోగుతోంది

అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే. డబ్బు కట్టిన మనిషిని నలుగురి ముందు ఆపడం చిన్న విషయం కాదు. గేటు మోగగానే సంచి లాక్కోకుండా, "సార్, మా వైపే ఏదో మిగిలిపోయినట్టుంది, ఒక్క నిమిషం" అని బిల్లు చూసి, వస్తువులు ప్యాడ్ మీద పెట్టి మర్యాదగా పంపాలని సెక్యూరిటీ సిబ్బందికి ముందే నేర్పండి. చాలాసార్లు నిజంగానే తప్పు మన కౌంటర్‌దే.

అందరికంటే ముందు అనుమానించాల్సింది క్వాంటిటీ బటన్‌ని. కస్టమర్ ఆరు సబ్బులు తెస్తారు. క్యాషియర్ ఒకటి స్కాన్ చేసి "ఇంటూ 6" కొట్టి, మిగతా ఐదూ నేరుగా సంచిలో వేస్తారు. బిల్లు సరిగ్గానే ఉంది, కానీ ఐదు లేబుళ్లు ఇంకా బతికే ఉన్నాయి. లేబుల్ ఉన్న వస్తువులకి క్వాంటిటీ కొట్టినా సరే, ఒక్కొక్కటీ ప్యాడ్ మీదుగా వెళ్లాల్సిందే. స్కానర్, డీయాక్టివేటర్ కలిసి ఉన్న కౌంటర్లలో ఇంకో మెలిక ఉంటుంది. కొన్నింటిలో బార్‌కోడ్ చదివిన తర్వాత కాసేపు మాత్రమే డీయాక్టివేటర్ పనిచేసేలా సెట్ చేస్తారు. స్కాన్ చేయకుండా ఎవరూ లేబుల్ చంపకూడదనే మంచి ఉద్దేశమే. అలాంటి చోట క్వాంటిటీ కొడితే మిగతా ముక్కలకి ప్యాడ్ స్పందించదు. ఒక్కొక్కటిగా స్కాన్ చేయమనండి.

రెండో కారణం గన్ స్కానర్. వస్తువు బుట్టలోనే ఉండగా గన్ చాపి స్కాన్ చేస్తే అది ప్యాడ్ దగ్గరికే రాదు. ప్యాడ్‌ని స్కాన్ చేసే చోటుకీ సంచి పెట్టే చోటుకీ మధ్యలో బిగించండి. అప్పుడు వస్తువు దాని మీదుగా పోక తప్పదు.

మూడోది లేబుల్ ఉన్న వైపు. బార్‌కోడ్ ఒక ముఖాన, లేబుల్ ఎదుటి ముఖాన ఉంటే, పెద్ద డబ్బాల విషయంలో లేబుల్ ప్యాడ్‌కి అందనంత ఎత్తులో ఉండిపోతుంది. బార్‌కోడ్ వైపే అతికించమన్నది ఇందుకే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మోగితే వస్తువుకి రెండో లేబుల్ ఉందేమో చూడండి. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే పెట్టె లోపల ఒకటి పెట్టి పంపుతాయి, షాపులో పైన మరొకటి అతికిస్తారు. వేరే షాపులో కొన్న వస్తువు లేబుల్ చావకుండా సంచిలో ఉన్నా, అది మీ గేటు రకానిదే అయితే మోగుతుంది.

అరుదుగా చచ్చిన లేబుల్ మళ్లీ బతుకుతుంది. ఆర్‌ఎఫ్ లేబుల్‌లో ప్యాడ్ చేసే పని, రెండు రేకుల మధ్య ఉన్న పల్చటి పొరని ఒకచోట చిల్లు పొడిచి వాటిని కలిపేయడం. లేబుల్ వంగినా నలిగినా ఆ కలిసిన చోటు విడిపోయి, సర్క్యూట్ మళ్లీ పనిచేయవచ్చు. అందుకే మడత పడే చోట, బట్టల వంపుల్లో ఈ లేబుల్ వద్దు.

కారణం అంతుచిక్కకపోతే గేటు దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టండి. మోగినప్పుడల్లా వస్తువు పేరు, కౌంటర్ నంబర్, టైమ్ రాయించండి. ఎప్పుడూ ఒకే కౌంటర్ వస్తే ప్యాడ్ చెక్ చేయించాలి. ఒకే వస్తువు వస్తే లేబుల్ చోటు మార్చాలి. రద్దీ వేళల్లోనే వస్తే అది తొందర వల్ల. క్యాషియర్‌ని తిట్టడం కంటే ఆ వేళకి ఇంకో కౌంటర్ తెరవడం మేలు.

సమస్య: లేబుల్ ఉన్నా గేటు మోగడం లేదు

లోహం మీద అతికించిన ఆర్‌ఎఫ్ లేబుల్ దాదాపు పనిచేయదు. డబ్బాలే కాదు, లోపల వెండిరంగు పూత ఉన్న కాఫీ, టీ, చిప్స్ ప్యాకెట్లతో కూడా ఈ తంటా ఉంది. వాటికి అట్టపెట్టె ఉంటే పెట్టె మీద అతికించి, అది ప్యాకెట్‌కి ఎంత దూరం ఉంటే మోగుతుందో గేటు దగ్గర పరీక్షించండి. ఒకదాని మీద ఒకటి అతికించిన రెండు ఆర్‌ఎఫ్ లేబుళ్లు ఒకదాన్నొకటి చెడగొడతాయి. ఏఎం లేబుల్ లోపలి లోహపు పట్టీ స్వేచ్ఛగా కంపించాలి, కాబట్టి దాన్ని నొక్కకూడదు, వంచకూడదు.

సమస్య: ఎవరూ లేకపోయినా గేటు మోగుతోంది

గేటు పక్కన ఆఫర్ ర్యాక్ పెట్టారా? అందులో లేబుల్ ఉన్న సరుకు ఉంటే జరిపేయండి. పనికిరాని లేబుళ్లు చెత్తబుట్టలోనో నేల మీదో పడి ఉంటే తీసేయండి. ఆ తర్వాత కరెంటు వైపు చూడండి. నాసిరకం ఎల్‌ఈడీ డ్రైవర్లు (లైట్లకి కరెంటు అందించే చిన్న పెట్టెలు), స్కానర్ లేదా మానిటర్ అడాప్టర్లు, చుట్టచుట్టి వదిలేసిన పొడుగాటి కేబుళ్లు గేటుని గందరగోళపెడతాయి. స్కానర్ కేబుల్ ప్యాడ్ మీదుగా పోతుంటే పక్కకి మార్చండి.

షాపు మూశాక ఒక్కో పరికరాన్నీ ప్లగ్ పీకి, గేటు మీదున్న లైట్‌ని గమనించండి. ఏది పీకితే మోత ఆగిందో ఆ అడాప్టర్ మార్చండి. అన్నీ పీకినా మోగుతుంటే అప్పుడు సర్వీస్ ఇంజనీర్‌ని పిలిచి, ఏమేం పీకి చూశారో రాసిన కాగితం చేతిలో పెట్టండి.