ఫ్రైడ్ లివర్ దాడి వస్తే గుర్రం ఏ5కి

చదరంగంలో టూ నైట్స్ అనే ఆరంభంలో మీవి నల్లపావులు. తెల్ల బిషప్ సీ4లో ఉండగా నాలుగో ఎత్తులో తెల్లగుర్రం జీ5కి దూకితే, దాని గురి మీ ఎఫ్7 బంటే. బంటును డీ5కి ఆడండి. తెల్లబంటు దాన్ని చంపాక గుర్రంతో తిరిగి చంపాలనిపిస్తుంది, ఆగండి! చంపితే తెల్లగుర్రం ఎఫ్7లో బలై మీ రాజును బయటికి లాగుతుంది; ఇదే ఫ్రైడ్ లివర్ దాడి. క్వీన్ ఎఫ్3 నుంచి చెక్ చెబుతూనే డీ5 గుర్రం మీదా గురిపెడుతుంది. దాన్ని కాపాడాలంటే రాజు ఈ6కి, అంటే బోర్డు మధ్యకే రావాలి. మూడు నిమిషాల ఆటలో అది చాలా కష్టం.

బదులుగా సీ6 గుర్రాన్ని ఏ5కి జరిపి బిషప్‌ను తరమండి. బీ5లో చెక్ చెబితే సీ6లో బంటు అడ్డం పెట్టండి. దాన్ని చంపితే బీ బంటుతో చంపండి. బిషప్ ఈ2కి తగ్గాక బంటును హెచ్6కి, తెల్లగుర్రం ఎఫ్3కి రాగానే ఇంకో బంటును ఈ4కి తోయండి. ఒక బంటు పోయినా దాడి మీ చేతికొస్తుంది.