జిరాలో డిలీట్ లింక్ ఎందుకు కనబడదు? పేరుకుపోయిన సెట్టింగులను తొలగించే వరుస

టీంల పనులను టికెట్లుగా నమోదుచేసి నడిపే సాఫ్ట్‌వేర్ జిరా. అది ఏళ్ల తరబడి నడుస్తున్న చోట అడ్మిన్ పని కొత్తగా చేతికొస్తే కనబడేది దాదాపు ఇదే. ప్రాజెక్టులు ముప్పై, వర్క్‌ఫ్లోలు (టికెట్ ఏ దశ నుంచి ఏ దశకు వెళ్లాలో చెప్పేవి) నూట యాభై. ఏది ఎవరిదో తెలిసినవాళ్లు ఉద్యోగాలు మారిపోయి ఉంటారు. ముట్టుకుంటే ఎవరి పని ఆగిపోతుందోనన్న టెన్షన్‌తో ఎవరూ దాని జోలికి వెళ్లరు. చెత్త అలా పెరుగుతూనే ఉంటుంది. నిజానికి ఇందులో గట్టి ప్రమాదం ఉన్న పని ఒక్కటే, కస్టమ్ ఫీల్డును, అంటే టికెట్‌లో అడ్మిన్ అదనంగా చేర్చిన గడిని, తొలగించడం. మిగతావి వరుస తెలిస్తే నిదానంగా తేలిపోతాయి. ఏది మొదలుపెట్టినా ముందు బ్యాకప్ తీసుకోండి. వీలుంటే నకలు సిస్టమ్‌లో ఒకసారి చేసి చూడండి.

సమస్య 1: స్కీములు, వర్క్‌ఫ్లోలు ప్రాజెక్టుల కన్నా ఎన్నో రెట్లు ఉన్నాయి

కారణం: కంపెనీ మేనేజ్డ్ ప్రాజెక్టును (సెట్టింగులు అడ్మిన్ చేతిలో ఉండే రకం) టెంప్లేట్ నుంచి కొత్తగా సృష్టించిన ప్రతిసారీ జిరా దానికోసం విడిగా ఇష్యూ టైప్ స్కీము, వర్క్‌ఫ్లో స్కీము, స్క్రీన్ స్కీములు తయారుచేస్తుంది. స్కీము అంటే ప్రాజెక్టుకు ఏ సెట్టింగులు వర్తిస్తాయో చెప్పే జాబితా, ఇష్యూ అంటే టికెట్, స్క్రీన్ అంటే టికెట్ ఫారం. పేర్ల ముందు ఆ ప్రాజెక్ట్ కీ (దాని పొట్టి పేరు) ఉంటుంది. తర్వాత ప్రాజెక్టును తీసేసినా ఇవి మిగిలిపోతాయి. ఇంకో కారణం కూడా ఉంది. వాడుకలో ఉన్న వర్క్‌ఫ్లోను మార్చి పబ్లిష్ చేసేటప్పుడు పాతదాని బ్యాకప్ ఉంచమంటారా అని అడుగుతుంది. చాలామంది ఉంచమనే అంటారు. ఆ కాపీలన్నీ ఇనాక్టివ్ జాబితాలో చేరతాయి.

పరిష్కారం: ప్రాజెక్టు ఏదీ లేని స్కీములతో మొదలుపెట్టండి. స్కీముల పేజీలో ప్రతి స్కీము పక్కనే దాన్ని వాడే ప్రాజెక్టుల పేర్లు ఉంటాయి. అవి ఖాళీగా ఉన్న స్కీములను నిశ్చింతగా తీసేయవచ్చు. ఆర్కైవ్ చేసిన ప్రాజెక్టు మాత్రం తన స్కీములను పట్టుకునే ఉంటుందని గుర్తుంచుకోండి.

సమస్య 2: ఎవరూ వాడటం లేదు, అయినా డిలీట్ లింక్ లేదు

కారణం: వాటి మీద ఇంకేదో ఆధారపడి ఉంది. స్టేటస్ (టికెట్ ఉన్న దశ) ఏ ఒక్క వర్క్‌ఫ్లోలో ఉన్నా, అది ఇనాక్టివ్ వర్క్‌ఫ్లో అయినా సరే, తీసేయనివ్వదు. స్క్రీన్‌ను స్క్రీన్ స్కీము పట్టుకుని ఉండవచ్చు, లేదా ఏ వర్క్‌ఫ్లోలోనో ఒక ట్రాన్సిషన్ (దశ మారడం) దాన్ని వాడుతుండవచ్చు. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. వర్క్‌ఫ్లో విషయంలో ఎక్కువ తికమక పెట్టేది పబ్లిష్ చేయకుండా వదిలేసిన వర్క్‌ఫ్లో స్కీము డ్రాఫ్టు. దానిలో పేరు ఉన్నా వర్క్‌ఫ్లో వాడుకలో ఉన్నట్టే లెక్క.

పరిష్కారం: పై నుంచి కిందికి రండి. వర్క్‌ఫ్లో స్కీములు, వదిలేసిన డ్రాఫ్టులు, ఆ తర్వాత ఇనాక్టివ్ వర్క్‌ఫ్లోలు. అవి పోయాక ఇష్యూ టైప్ స్క్రీన్ స్కీములు, స్క్రీన్ స్కీములు, స్క్రీన్లు. స్టేటస్‌లు చివరికి. వర్క్‌ఫ్లోలు పోకముందే స్క్రీన్ల మీద పడితే సగం పని మళ్లీ చేయాల్సి వస్తుంది. వర్క్‌ఫ్లోను తీసేసే ముందు ఎక్స్‌ఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుంటే ధైర్యంగా ఉంటుంది.

సమస్య 3: టికెట్ ఫారంలో గుట్టగా ఫీల్డులు, ఒకే పేరుతో రెండు మూడు

కారణం: ఒక టీం అడిగిన ఫీల్డును గ్లోబల్ కాంటెక్స్ట్‌తో సృష్టిస్తారు, అది అన్ని ప్రాజెక్టులకూ వర్తిస్తుంది. మరో టీం అదే అవసరంతో వస్తే ఉన్నదాన్ని వెతికే ఓపిక లేక ఇంకొకటి చేస్తారు. ఒకే పేరుతో రెండు ఫీల్డులను జిరా అడ్డుకోదు. డేటా సెంటర్‌లో (సొంత సర్వర్ల మీద నడిపే జిరాలో) ఈ గ్లోబల్ ఫీల్డులు ఎక్కువైతే ఇండెక్సింగ్, అంటే వెతకడానికి సూచిక కట్టే పని, కూడా నెమ్మదిస్తుంది.

పరిష్కారం: ఇక్కడ తొందర వద్దు. ఫీల్డు వాడుకలో ఉందో లేదో తేల్చుకోవడమే అసలు పని. ఆ ఫీల్డు ఖాళీగా లేని టికెట్లను జిరాలో వెతకడానికి వాడే భాష జేక్యూఎల్‌తో వెతికితే సున్నా వచ్చిందనుకోండి. దాన్ని వెంటనే నమ్మకండి. మీకు చూసే అనుమతి లేని ప్రాజెక్టుల టికెట్లు అడ్మిన్ అయినా ఆ లెక్కలోకి రావు. ఆర్కైవ్ చేసిన టికెట్లూ రావు. దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. ఫీల్డుకు డిఫాల్ట్ విలువ పెట్టి ఉంటే ఎవరూ పట్టించుకోకపోయినా వేల టికెట్లలో విలువ కనబడుతుంది. డిఫాల్ట్ కాని విలువలు ఎన్ని ఉన్నాయో విడిగా చూడండి.

ఒకసారి నేను సున్నా చూసి ఒక తేదీ ఫీల్డును తీసేశాను. అనుమతులు బిగించిన ఒక ప్రాజెక్టులో ఆడిట్ టీం దాన్ని ఏడాదికోసారి వాడుతోందని తర్వాత తెలిసింది. ఫీల్డుతో పాటు దానిలోని విలువలన్నీ పోయాయి. బ్యాకప్‌ను వేరే సర్వర్ మీద తెరిచి, తేదీలు బయటికి తీసి, మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. ఆ టీం పడ్డ ఇబ్బంది చూశాక నా పద్ధతి పూర్తిగా మార్చుకున్నాను.

ఇప్పుడు చేసేది ఇది. ముందు ఫీల్డును స్క్రీన్ల నుంచి మాత్రమే తీసేస్తాను. విలువలు అలాగే ఉంటాయి. అయితే ఫీల్డ్ కాన్ఫిగరేషన్‌లో అది తప్పనిసరి అని ఉంటే మొదట ఆ గుర్తు తీయాలి, లేకపోతే కొత్త టికెట్ క్రియేట్ కాదు. ఎప్పుడు, ఎందుకు తీశానో ఫీల్డ్ వివరణలో రాస్తాను. గుర్తు కోసం పేరు మార్చను, ఎందుకంటే సేవ్ చేసిన ఫిల్టర్లలో పాత పేరే ఉంటే అవి దెబ్బతింటాయి. మూడు నెలలు ఆగుతాను. ఏడాదికోసారి జరిగే పనులున్న టీం అయితే ఏడాది. ఎవరూ అడగకపోతే విలువలను సీఎస్‌వీగా దాచి అప్పుడు డిలీట్ చేస్తాను. క్లౌడ్ జిరాలో ఫీల్డు ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది కాబట్టి కొంత నయం.

ఒకే పేరున్న రెండు ఫీల్డులను కలపాలంటే ఒకదాని విలువలను ఆటోమేషన్ రూల్‌తో గానీ సీఎస్‌వీ ఇంపోర్టుతో గానీ రెండోదానిలోకి తేవాలి. బల్క్ చేంజ్ (ఒకేసారి చాలా టికెట్లను మార్చే సదుపాయం) అన్ని టికెట్లకూ ఒకే విలువ పెట్టగలదు గానీ ఫీల్డు నుంచి ఫీల్డుకు కాపీ చేయలేదు. ఈ పనిలో ఈమెయిల్ నోటిఫికేషన్లు ఆపడం మర్చిపోవద్దు.

సమస్య 4: తొలగించాక ఫిల్టర్లు, బోర్డులు, రూల్స్ పనిచేయడం లేదు

కారణం: డిలీట్ చేసేటప్పుడు జిరా అన్ని ఆధారాలూ చూపించదు. ఫిల్టర్లలో ఫీల్డు పేరు ఉంటుంది, లేదా సీఎఫ్ తర్వాత చదరపు బ్రాకెట్లలో ఐడీ ఉంటుంది. స్క్రిప్టుల్లో, ఏపీఐ వాడే బయటి రిపోర్టుల్లో కస్టమ్‌ఫీల్డ్ అన్న పదం, అండర్‌స్కోర్, ఆ వెనక ఐడీ ఉంటాయి.

పరిష్కారం: తీసేసే ముందే పేరుతోనూ ఐడీతోనూ రెండుసార్లు వెతకండి. ఐడీ ఫీల్డును ఎడిట్ చేసేటప్పుడు బ్రౌజర్ అడ్రస్‌లో కనబడుతుంది. ఆటోమేషన్ రూల్స్, వర్క్‌ఫ్లోలో దశ మారే చోట పెట్టే కండిషన్లు, వ్యాలిడేటర్లు, పోస్ట్ ఫంక్షన్లు ఒక్కొక్కటిగా చూడాల్సిందే. ఎక్స్‌పోర్ట్ చేసిన వర్క్‌ఫ్లో ఫైళ్లలో ఐడీని వెతికితే ఈ పని తేలికవుతుంది.

సమస్య 5: శుభ్రం చేసిన ఏడాదికే మళ్లీ అదే స్థితి

కారణం: అడ్మిన్ హక్కులు చాలామంది చేతుల్లో ఉన్నాయి, కొత్త ప్రాజెక్టులు టెంప్లేట్ నుంచే పుడుతున్నాయి.

పరిష్కారం: ఒక నమూనా ప్రాజెక్టును సిద్ధం చేసి, కొత్తవాటిని దాని సెట్టింగులు పంచుకునేలా సృష్టించండి. ఆ ఆప్షన్ ప్రాజెక్ట్ క్రియేట్ చేసే చోటే ఉంటుంది. సెట్టింగులు పంచుకున్న ప్రాజెక్టుల్లో ఒకరికోసం వర్క్‌ఫ్లో మారిస్తే అందరికీ మారుతుంది, ఆ సంగతి టీంలకు ముందే చెప్పాలి. కొత్త ఫీల్డు అడిగినవారి పేరు, కారణం, తేదీ వివరణలో రాయండి. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారికి ఎవరిని అడగాలో తెలుస్తుంది.