ఇన్‌హేలర్ దాచుకునే పిల్లలతో ఎలా మాట్లాడాలి

ఇంటర్ హాస్టల్లో నా ఆస్తమా ఇన్‌హేలర్ ట్రంకుపెట్టెలో సాక్సుల అడుగున ఉండేది. ఆయాసం వస్తే బాత్‌రూమ్‌లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో పీల్చుకునేవాణ్ణి. అందుకే చెప్తున్నా, మీవాడు మందు మానేశాడని తెలియగానే తిట్టకండి, ఎందుకు మానాడో అడగండి.

ఎక్కువగా వచ్చే జవాబు "తగ్గిపోయింది కదా". ఆయాసంలో కొట్టుకునే నీలం ఇన్‌హేలర్ నిమిషాల్లో పనిచేస్తుంది కాబట్టి పిల్లలు దాన్నే నమ్ముతారు. రోజూ వాడమన్న రెండో ఇన్‌హేలర్ ఊపిరి గొట్టాల లోపలి వాపుని మెల్లగా తగ్గిస్తుంది, పైకి ఏమీ తెలియదు, అందుకని మానేస్తారు. నీలందొక్కటే వాడుతూ నెట్టుకురావడం ప్రమాదం. 12 ఏళ్లు దాటినవాళ్లకి ఆ పద్ధతి వద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచీ చెప్తున్నాయి.

రెండో జవాబు, ఆ రోజూ వాడేదాంట్లో ఉండే స్టెరాయిడ్ అంటే భయం. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, 200 మైక్రోగ్రాములంటే మిల్లీగ్రాములో అయిదో వంతు. జిమ్‌లో కండల కోసం వాడేది అసలు వేరే రకం. పీల్చాక పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో తెల్లపూత భయం కూడా చాలావరకు పోతుంది.

"ఎలా ఉంది?" అంటే "బానే ఉంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. అలా కాకుండా గత నాలుగు వారాల సంగతి విడివిడిగా అడగండి: రాత్రిళ్లు దగ్గుతో లేచావా, నీలందాని అవసరం వారానికి రెండుసార్లు దాటిందా, పగలు పిల్లికూతలు వారానికి రెండుసార్లు దాటాయా, ఆట మధ్యలో ఆపాల్సి వచ్చిందా. ఒక్కదానికి అవునన్నా డాక్టర్‌కి చెప్పాల్సిందే.

తర్వాత మీ ముందు ఒకసారి పీల్చమనండి. స్ప్రే రకమైతే బాగా ఊపి, ఊపిరి వదిలేసి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. క్యాప్సూల్ వేసే పొడి రకాన్ని మాత్రం మెల్లగా కాదు, గట్టిగా ఒక్క గుక్కలో లాగాలి. నేను రెండేళ్లు పొడిని మెల్లగా పీల్చి, మందు పనిచేయట్లేదని తిట్టుకున్నాను!

సిగ్గు సంగతికొస్తే, ఇంగ్లండ్ బౌలర్ స్టువర్ట్ బ్రాడ్ ఆస్తమాతోనే టెస్టుల్లో 600 వికెట్లు దాటాడని చెప్పండి. కానీ పెద్దవాళ్లే "సంబంధాలప్పుడు బయటపడకూడదు" అని అమ్మాయి ఇన్‌హేలర్ దాచిపెడుతుంటే ఆ పిల్లకి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? మృగశిర కార్తెకి నాంపల్లి చేప మందుకి తీసుకెళ్తానని నానమ్మ పట్టుబడితే ఆవిడతో గొడవెందుకు గానీ, ఆ పేరు చెప్పి ఇన్‌హేలర్ మాత్రం ఆపనివ్వకండి.

హాస్టల్లో ఎవరికి చెప్పాలో పిల్లల్నే ఎంచుకోనివ్వండి, ఒక్కరైనా చాలు. ఆయాసం వస్తే పడుకోబెట్టకుండా కూర్చోబెట్టాలి, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంలాంటి డబ్బా) నీలందాన్ని ఒక్కో పఫ్ చొప్పున నాలుగు ఇవ్వాలి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా మందు ఇస్తూనే వెంటనే బయల్దేరాలి. ఇవన్నీ ఆ స్నేహితుడికి ముందే తెలియాలి, ఇన్‌హేలర్ ఎక్కడుంటుందో కూడా. నాది సాక్సుల కింద ఉందని మా రూమ్‌లో ఎవరికీ తెలియదు.