ఫ్రీజర్‌లో ఐస్ గడ్డ కడుతున్నా కింద కూలింగ్ రాకపోతే: గ్యాస్ నింపించే ముందు చూడవలసినవి

పైన ఐస్ రాయిలా గడ్డకడుతూ, కింది అరలో మాత్రం పెరుగు ఒక్క పూటకే పులిసిపోతుంటే, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వేసవి వచ్చిందంటే తరచుగా వినబడే తీర్పు "గ్యాస్ అయిపోయింది" అన్నదే. ఫ్రిజ్‌లోని గ్యాస్ వంట సిలిండర్‌లోని గ్యాస్ లాగా వాడేకొద్దీ తరిగేది కాదు. మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. ఎక్కడైనా లీకు పడితే తప్ప తగ్గదు. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే కంప్రెసర్, గ్యాస్ తమ పని తాము చేస్తున్నట్టే లెక్క. అక్కడ తయారైన చల్లదనం కిందికి చేరడం లేదు కాబట్టి, ముందుగా చూడవలసింది ఆ దారిని.

అంతకంటే ముందు, కింది అర నిజంగా ఎంత వేడిగా ఉందో తెలుసుకోవాలి. ఆ కింది భాగంలోని మధ్య తట్టు మీద ఒక గ్లాసు నీళ్లు పెట్టి, అందులో ఫ్రిజ్ థర్మామీటరు ఉంచి, రాత్రంతా తలుపు తీయకుండా వదిలేసి తెల్లవారి చూస్తే 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండాలి. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు, దాని కొలతే 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది.

రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ (మంచును తనంతట తానే కరిగించుకునే) ఫ్రిజ్‌లలో చల్లదనం పుట్టేది ఒక్కచోటే. ఫ్రీజర్ వెనక గోడకు అవతల కూలింగ్ కాయిల్ ఉంటుంది, దాని మీదుగా వచ్చే గాలిని ఒక చిన్న ఫ్యాన్ కొంత ఫ్రీజర్‌లోకి, కొంత గొట్టం గుండా కింది అరకు పంపుతుంది. ఆదివారం రొయ్యలు, చేపలు చవకగా దొరికాయని కవర్లు కవర్లుగా తెచ్చి ఫ్రీజర్ వెనక గోడకు ఆనించి కుక్కినా, గూడూరు నుంచి వచ్చిన నిమ్మకాయల సంచిని కింది అరలోని గాలి రంధ్రాలకు అడ్డంగా పెట్టినా ఈ దారి మూసుకుపోతుంది. సామాను వెనక గోడ నుంచి నాలుగు వేళ్ల దూరం జరిపి ఒక రోజు చూడండి. రెండు నాబ్‌లు ఉండే మోడళ్లలో ఇంకొక తిరకాసు ఉంది. వాటిలో చాలావాటికి ఫ్రీజర్ నాబ్ కంప్రెసర్‌ను నడపదు, గాలిని పైకీ కిందికీ పంచుతుంది. ఎండలు ముదిరాయని దాన్ని చివరిదాకా తిప్పితే పైన మరింత చల్లబడి, కిందికి వచ్చే గాలి తగ్గిపోతుంది. రెండు నాబ్‌లనూ మధ్యలో ఉంచి 24 గంటలు ఆగండి. గంటకొకసారి తిప్పి చూస్తే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు.

తరువాత ఫ్యాన్. చాలా మోడళ్లలో తలుపు తీయగానే ఫ్యాన్ ఆగిపోతుంది కాబట్టి, కంప్రెసర్ నడుస్తున్నప్పుడు తలుపు తీసి, లైటు స్విచ్‌ను వేలితో నొక్కి పట్టుకుని చెవి పెట్టాలి. సన్నని గాలి చప్పుడు వినిపిస్తే ఫ్యాన్ బాగానే ఉంది. గరగరమని గీసుకుంటున్న శబ్దం వస్తే రెక్కలకు ఐస్ తగులుతోంది. ఎన్నిసార్లు చూసినా ఏ శబ్దమూ లేకపోతే మోటారు పోయి ఉండాలి, లేదా ఐస్‌లో బిగుసుకుపోయి ఉండాలి.

ఈ లక్షణానికి అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది ఆ ఐసే. తలుపు తీసిన ప్రతిసారీ లోపలికి వెళ్లే తేమ కూలింగ్ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. కొత్తపట్నం, కృష్ణపట్నం వంటి తీరప్రాంతపు ఊళ్ల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ ఇది మరీ త్వరగా పడుతుంది. ఆ మంచును కరిగించడానికి ఫ్రిజ్ తనంతట తానే కొన్ని గంటలకొకసారి కాయిల్ కింది హీటర్‌ను వెలిగిస్తుంది. కరిగిన నీరు సన్నని గొట్టం గుండా వెనక కంప్రెసర్ మీది ట్రేలోకి దిగి అక్కడే ఆవిరైపోతుంది. హీటర్, దాన్ని అదుపు చేసే బైమెటల్ (వేడిని బట్టి పనిచేసే స్విచ్) లేదా సెన్సర్, ఫ్యూజు, టైమర్ లేదా బోర్డు, వీటిలో ఏది పాడైనా మంచు కరగక, కాయిల్ రెక్కల సందులన్నీ పూడి గాలి ఆడదు. కాయిల్ పక్కనే ఉన్నందువల్ల ఫ్రీజర్ చల్లగానే ఉంటుంది, కింది అర మాత్రం ముందుగా వేడెక్కుతుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ప్లగ్ తీసేసి, సామానంతా ఖాళీ చేసి, రెండు తలుపులూ బార్లా తెరిచి, కింద పాత బట్టలు పరిచి పూర్తిగా ఒక రోజు వదిలేయండి. పైకి కనిపించే మంచు గంటలోనే కరిగినా, గోడ వెనక కాయిల్ రెక్కల మధ్య ఉన్నది అంత త్వరగా కరగదు. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడితే మేలు. వెనక ట్రే నిండి పొర్లవచ్చు, మధ్యలో ఒకసారి చూడాలి. తిరిగి వేశాక కింది అర చక్కగా చల్లబడి, కొన్ని రోజులకో రెండు వారాలకో మళ్లీ మొదటికి వస్తే లోపం డీఫ్రాస్ట్ భాగాలలో, అంటే మంచును కరిగించే ఆ హీటర్, సెన్సర్, టైమర్ వంటివాటిలో ఉందని దాదాపుగా నిర్ధారించుకోవచ్చు. బోర్డు తప్ప మిగిలినవి పెద్ద ఖరీదైనవి కావు. ఐస్ అంతా కరిగాక కూడా కింద చల్లబడకపోతే ఫ్యానునో, గాలిని వదిలే డ్యాంపర్ రేకునో అనుమానించాలి.

డోర్ రబ్బరు సంగతి సులువు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే పట్టు తెలియాలి, జారిపోయిన చోట రబ్బరు బిగువు తగ్గినట్టే. గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిచినా పట్టు రాకపోతే మార్పించాలి.

ఒకే తలుపు ఉండే డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో ఫ్యాన్ ఉండదు, చల్లగాలి బరువుకు తనంతట తానే కిందికి దిగుతుంది. ఫ్రీజర్ గోడలకు వేలెడు మందాన ఐస్ పడితే చల్లదనం అందులోనే చిక్కుకుపోతుంది, అప్పుడు డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. కత్తితో పెళ్లగించడం మాత్రం వద్దు. ఆ అల్యూమినియం గోడలోనే గ్యాస్ తిరుగుతుంది, మొన పొరపాటున దిగితే లేని లీకు నిజంగానే వస్తుంది. మరకలు పడకుండా అరల మీద పరిచే ప్లాస్టిక్ షీట్లు కూడా దిగే గాలిని ఆపేస్తాయి, వాటిని తీసేయండి.

ఈ లోగా పాలు, మాంసం, వండిన అన్నం విషయంలో మొహమాటం కూడదు. చేపల పులుసు మరునాటికి రుచి పెరుగుతుందన్నది మన వైపు అందరికీ తెలిసినదే గానీ, 12 డిగ్రీల అరలో పెట్టి దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు. చెడిపోయిన ప్రతి పదార్థమూ వాసన కొట్టదు.

ఇవన్నీ చూశాక మెకానిక్‌ను పిలిచి, ఫ్రీజర్ వెనక ప్యానెల్ తీసినప్పుడు మీరూ పక్కన నిలబడి కాయిల్‌ను చూడండి. కాయిల్ అంతా తెల్లగా మందమైన మంచుతో కప్పి ఉంటే అది డీఫ్రాస్ట్ లోపం, గ్యాస్ ప్రస్తావనే అక్కర్లేదు. మొదటి రెండు మూడు మెలికల మీద మాత్రమే మంచు ఉండి మిగిలినదంతా పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందన్న మాట నిజమయ్యే అవకాశం ఉంది. అప్పుడైనా లీకు ఎక్కడో చూపించమని అడిగి, దాన్ని మూసి, గ్యాస్ దారిలోని ఫిల్టర్ మార్చి, వాక్యూమ్ చేశాకే (గొట్టాలలోని గాలినంతా లాగేశాకే) నింపనివ్వండి. కంప్రెసర్ మీది లేబుల్‌పై ఆర్600ఎ అని ఉంటే అది మంట అంటుకునే గ్యాస్. ఆ పని తెలిసినవారి చేతనే, కిటికీలు తెరిచి, గ్యాస్‌ను తూకం వేసి చేయించాలి.