టీజీఎస్ఎస్, ఎన్‌వీఎస్ఎస్ జాబితాల్లోంచి సుదూర రేడియో గెలాక్సీలను జల్లెడ పట్టడం ఎలా?

ఈ పనికి టెలిస్కోపు సమయం అక్కర్లేదు. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు 150 మెగాహెర్ట్జ్ దగ్గర చేసిన టీజీఎస్ఎస్ సర్వే, అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపు 1,400 మెగాహెర్ట్జ్ దగ్గర చేసిన ఎన్‌వీఎస్ఎస్ సర్వే ఖగోళ జాబితాల వెబ్‌సైట్ విజియర్‌లో ఉచితంగా దొరుకుతాయి. జాబితాలను జత చేసే టాప్‌క్యాట్ సాఫ్ట్‌వేర్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు.

పౌనఃపున్యం పెరిగేకొద్దీ రేడియో గెలాక్సీ ప్రకాశం తగ్గుతుంది. ఎంత వేగంగా తగ్గుతోందో చెప్పేది స్పెక్ట్రల్ ఇండెక్స్. చాలా వాటికి అది −0.8 దరిదాపుల్లో ఉంటుంది. −1.3 కన్నా దిగువన ఉన్నవాటిలో దూరపువి దొరికే అవకాశం ఎక్కువ. 1999లో రెడ్‌షిఫ్ట్ (దూరాన్ని సూచించే కొలత) 5.19 అని తేలిన రేడియో గెలాక్సీ టీఎన్ జే0924−2201 ఇలా నిటారు వర్ణపటం, అంటే ప్రకాశం వేగంగా పడిపోవడం, చూసి ఏరినదే.

ముందుగా పాలపుంత తలానికి అటూ ఇటూ 10 డిగ్రీల మేర ఉన్న రేడియో మూలాలన్నీ తీసేయండి. తర్వాత రెండు జాబితాలనూ ఆకాశ స్థానాలను బట్టి జత చేయండి. జత వెతికే వ్యాసార్ధం 15 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) పెట్టండి. ఎన్‌వీఎస్ఎస్‌లో చదరపు డిగ్రీకి 50 పైచిలుకు మూలాలుంటాయి కాబట్టి కాకతాళీయ జతలు 0.3 శాతం దగ్గరే ఆగుతాయి. అదే 60 ఆర్క్‌సెకన్లు పెడితే 4 శాతం దాటతాయి. నమ్మకం కుదరకపోతే ఒక జాబితాను 10 ఆర్క్‌నిమిషాలు పక్కకు జరిపి మళ్లీ జత చేయండి. అప్పుడు దొరికేవన్నీ దొంగ జతలే.

ఇక లెక్క. 1,400 దగ్గరి ప్రకాశాన్ని 150 దగ్గరి ప్రకాశంతో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, 2.234తో భాగించాలి. 150 దగ్గర 200, 1,400 దగ్గర 10 మిల్లీజాన్‌స్కీలు (రేడియో ప్రకాశపు కొలమానం) ఉంటే ఇండెక్స్ −1.34. టీజీఎస్ఎస్ విలువలో 10 శాతం, ఎన్‌వీఎస్ఎస్‌లో 5 శాతం పొరపాటుంటే ఇండెక్స్ 0.05 దాకా కదులుతుంది. కాబట్టి −1.3 గీతకు ఆనుకుని ఉన్నవాటి మీద ఆశ పెట్టుకోకండి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: జత దొరికినవాటినే చూస్తారు. ఎన్‌వీఎస్ఎస్ 2.5 మిల్లీజాన్‌స్కీల కన్నా మసకైనవాటిని పట్టదు. అంటే 150 దగ్గర 46 మిల్లీజాన్‌స్కీలకు లోపున్న మూలానికి −1.3 ఇండెక్స్ ఉంటే దానికి అసలు జతే ఉండదు. జత లేనివాటికి 2.5ను పై పరిమితిగా పెట్టి విడిగా లెక్కకట్టండి. అయితే, టీజీఎస్ఎస్ పట్టే పరిమితికి దగ్గరి మూలాల ప్రకాశాన్ని కొన్నిసార్లు కొలతలోని రొదే పైకి తోస్తుంది. అలాంటివి ఉత్తుత్తినే నిటారుగా కనిపిస్తాయి.

టీజీఎస్ఎస్‌లో కొన్ని చోట్ల ప్రకాశపు కొలమానమే పక్కకు జరిగింది. దాన్ని పట్టుకోవడం సులువు. ఆకాశాన్ని 5 డిగ్రీల గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని మూలాలన్నిటి ఇండెక్స్ మధ్యస్థం చూడండి. ఏదైనా గడి చుట్టుపక్కల గళ్ల కన్నా 0.1 తేడాగా ఉంటే తప్పు గెలాక్సీలది కాదు, కొలమానానిది. ఆ గడిని పక్కన పెట్టండి, లేదా ఐరోపా రేడియో టెలిస్కోపు లోఫార్ వాళ్ల 144 మెగాహెర్ట్జ్ సర్వేతో సరిచూడండి.

ఇక బొమ్మలు. టీజీఎస్ఎస్ 25 ఆర్క్‌సెకన్ల స్పష్టతతో చూస్తుంది, ఎన్‌వీఎస్ఎస్ 45తో. పక్కపక్కనున్న రెండు మూలాలు ఎన్‌వీఎస్ఎస్‌లో ఒకటిగా కలిసిపోతే ఇండెక్స్ చదునుగా వస్తుంది, మంచి అభ్యర్థి చేజారుతుంది. ఒక్కోదాన్నీ ఆకాశపు బొమ్మలు చూపే అలాదీన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కంటితో చూడక తప్పదు. ఆర్క్‌నిమిషాల మేర పరుచుకున్న మసక మరక కనిపిస్తే అది గెలాక్సీ గుంపులోని వ్యాప్త వికిరణం కావచ్చు, కొట్టేయండి. చుక్కలా ఉంటే పల్సార్ (గిర్రున తిరుగుతూ రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రం) జాబితాతో పోల్చండి. పల్సార్ల వర్ణపటమూ నిటారే, వాటికీ దృశ్యకాంతిలో తరచూ ఏమీ కనిపించదు. లోఫార్ 6 ఆర్క్‌సెకన్ల బొమ్మలో రెండు తమ్మెలుగా (గెలాక్సీకి రెండు పక్కలా ఉండే రేడియో ఉబ్బులుగా) విడితే పల్సార్ అనుమానం తీరినట్టే.

మిగిలినవాటికి 2.5 ఆర్క్‌సెకన్ల స్పష్టత ఉన్న వీఎల్ఏ సర్వే వీఎల్ఏఎస్ఎస్ నుంచి కచ్చితమైన స్థానం తీసుకుని, అక్కడ పాన్‌స్టార్స్ (దృశ్యకాంతి), వైజ్ (పరారుణ) బొమ్మలు చూడండి. పాన్‌స్టార్స్‌లో ప్రకాశవంతమైన గెలాక్సీ ఉంటే అది దగ్గరిదే. రెండింటిలోనూ ఖాళీగా ఉన్నవాటికే వర్ణపట పరిశీలన సమయం అడగండి. రెడ్‌షిఫ్ట్ తేల్చేది అదొక్కటే.